కూకట్‌పల్లి సీటు గురించి అపోహలు, వాస్తవాలు: ఒక మాజీ బీఎల్ఓ మాట

టీచర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నప్పుడు చాలా ఏళ్లు బీఎల్ఓ, అంటే బూత్ లెవెల్ ఆఫీసర్ డ్యూటీ చేశాను. ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని, ఒక్కో గడపా ఎక్కి, ఈ పేరున్న మనిషి ఈ ఇంట్లో ఉన్నారా, వెళ్లిపోయారా, కాలం చేశారా అని చూసి రాసుకునే పని అది. ఆ తిరుగుడులో మా నియోజకవర్గం గురించి జనం చాలా నమ్మకంగా చెప్పే కొన్ని మాటలు మళ్లీ మళ్లీ విన్నాను. వాటిలో చాలావరకు తప్పు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా అవే అంటుంటే బాధగా ఉంటుంది, అందుకే రాస్తున్నా.

అపోహ: కూకట్‌పల్లి సీటు ముందు నుంచీ ఉంది.

వాస్తవం: లేదు. కూకట్‌పల్లి పేరుతో ఎమ్మెల్యేని ఎన్నుకున్నది మొదటిసారి 2009లో. అంతకుముందు మేమంతా ఖైరతాబాద్ ఓటర్లం. ఇప్పటి వాళ్లకి చెబితే నమ్మరు గానీ కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, జూబ్లీహిల్స్ అన్నీ ఆ ఒక్క సీటు కిందే ఉండేవి. బస్తీల మనిషిగా పేరున్న పి. జనార్దన్ రెడ్డి, అదే మన పీజేఆర్, 1978లో మొదటిసారి గెలిచింది అక్కడే. 1994లో రాష్ట్రమంతా కాంగ్రెస్ కొట్టుకుపోయినా ఆయన గెలిచి సీఎల్పీ నేత, అంటే అసెంబ్లీలో కాంగ్రెస్ ఎమ్మెల్యేల నాయకుడు అయ్యారు. 1999లో సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు చేతిలో ఓడి, 2004లో మళ్లీ గెలిచారు. 2007 డిసెంబరులో ఆయన పోయాక 2008లో వచ్చిన ఉపఎన్నికే పాత ఖైరతాబాద్‌కి ఆఖరిది, ఆయన కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు. మరుసటి ఏడాదికి ఆ సీటు ముక్కలైంది.

అపోహ: ఆ ముక్కలు చేసింది అప్పటి అధికార పార్టీ, వాళ్లకి కావలసినట్టు గీసుకున్నారు.

వాస్తవం: గీసింది డీలిమిటేషన్ కమిషన్, అంటే నియోజకవర్గాల హద్దులు గీసే కమిషన్. 2002 చట్టం కింద వేశారు, సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి జస్టిస్ కుల్దీప్ సింగ్ ఛైర్మన్. ఎంపీలు, ఎమ్మెల్యేలు కొందరు అసోసియేట్ సభ్యులుగా కూర్చుంటారు, మాట్లాడతారు, కానీ వాళ్లకి ఓటు లేదు, సంతకం పెట్టే అధికారమూ లేదు. ఆర్డరు వచ్చాక కోర్టుకి వెళ్లి దాన్ని ప్రశ్నించడానికి చట్టం ఒప్పుకోదు. 2008 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అప్పటి రంగారెడ్డి జిల్లాకి 14 సీట్లు వచ్చాయి.

నా అభిప్రాయంలో అసలు చిక్కు ఎవరు గీశారన్నది కాదు, ఏ లెక్క చూసి గీశారన్నది. 2001 జనాభా లెక్క చూసి గీశారు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో, అంటే ఆ లెక్క తీసేనాటికి హైటెక్ సిటీకి రెండేళ్లు దాటింది అంతే. అప్పటి శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జనాభా సుమారు లక్షన్నర. 2023లో శేరిలింగంపల్లి నియోజకవర్గంలో ఓటర్లే 7 లక్షలు దాటారు, పిల్లలు కాదు, జనాభా కాదు, ఓటర్లు! మున్సిపాలిటీ హద్దు, సీటు హద్దు ఒకటి కావు, అయినా జనం ఎంత వచ్చి పడ్డారో తెలుస్తోంది కదా. అదే ఎన్నికల్లో భద్రాచలంలో దాదాపు లక్షన్నర మంది ఓటర్లు. వాళ్ల మండలాలు కొన్ని 2014లో ఆంధ్రకి వెళ్లిపోయాయి కాబట్టి ఆ సీటు మరీ చిన్నదైంది, అది వాళ్ల తప్పు కాదు. కానీ అసెంబ్లీలో ఇద్దరికీ ఒక్కొక్క ఎమ్మెల్యేనే. నియోజకవర్గ నిధులు కూడా ఎమ్మెల్యేకి ఇంత అని ఇస్తారు, ఓటరు తలకి ఇంత అని కాదు.

అపోహ: జనం పెరిగారు కాబట్టి వచ్చే ఎన్నికలకి సీట్లు వాటంతటవే పెరుగుతాయి.

వాస్తవం: వాటంతటవి పెరగవు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వచ్చేదాకా అసెంబ్లీ సీట్ల సంఖ్య కదలదని రాజ్యాంగంలో 84వ సవరణ పెట్టింది. విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణకి 119 నుంచి 153కి పెంచవచ్చని ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఉంది, కానీ ఆ సెక్షన్ రాజ్యాంగంలోని 170వ అధికరణకి లోబడి ఉంది, సీట్లు కదలవన్న షరతు ఉన్నది అందులోనే. ఇప్పుడే పెంచాలని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది.

అపోహ: నా అడ్రసులో కూకట్‌పల్లి అని ఉంది, కాబట్టి నా ఓటు కూకట్‌పల్లిలోనే.

వాస్తవం: ఇది నేను లెక్కలేనన్నిసార్లు విన్నది. వివేకానందనగర్, హైదర్‌నగర్, ఆల్విన్ కాలనీ డివిజన్ల వాళ్లు ఉత్తరాలకి కూకట్‌పల్లి అని రాసుకుంటారు గానీ ఓటు శేరిలింగంపల్లిలో. పార్లమెంటుకి కూడా వేరే, కూకట్‌పల్లి మల్కాజిగిరి కింద, శేరిలింగంపల్లి చేవెళ్ల కింద. ఇటువైపు చూస్తే ఓల్డ్ బోయిన్‌పల్లి వాళ్లు తమది సికింద్రాబాద్ అనుకుంటారు, ఓటు కూకట్‌పల్లిలో ఉంటుంది. పోలింగ్ రోజు ఒక పెద్దాయన ఎండలో అరగంట లైన్లో నిలబడి మా టేబుల్ దాకా వచ్చాక ఆయన బూత్ రోడ్డుకి అవతలి నియోజకవర్గంలో ఉందని తేలింది. ఆయన మళ్లీ అక్కడికి వెళ్లి ఓటు వేశారో, ఇంటికే వెళ్లిపోయారో.

అపోహ: ఇక్కడ సెటిలర్ల (ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల) ఓట్లన్నీ ఒకే మూట, ఆ మూట ఎటు పడితే అటు గెలుపు.

వాస్తవం: ఫలితాలు వరసగా చూడండి. 2009లో లోక్‌సత్తా రాష్ట్రమంతా పోటీ చేసి గెలిచిన ఒకే ఒక్క సీటు ఇది, జయప్రకాశ్ నారాయణ గెలిచారు. 2014లో టీడీపీ తరఫున మాధవరం కృష్ణారావు, ఆ తర్వాత ఆయన టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018లో టీడీపీ ఎన్టీఆర్ మనవరాలు సుహాసినిని నిలబెడితే మూట మాట నిజమయ్యేదే అయితే ఆవిడ గెలవాలి, కానీ సుమారు 41 వేల తేడాతో ఓడారు. 2023లో రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది, గ్రేటర్ హైదరాబాద్‌లో మాత్రం ఒక్క సీటూ రాలేదు. ఇక్కడ కృష్ణారావే దాదాపు 70 వేల మెజారిటీతో మళ్లీ గెలిచారు, బీజేపీ పొత్తులో జనసేన నిలబడ్డా ఫలితం మారలేదు. కేపీహెచ్‌బీలో, అదే హౌసింగ్ బోర్డు కాలనీలో, ఒక వీధి నడిస్తే చాలు, ఎల్ఐజీ (తక్కువ ఆదాయం వాళ్ల కోసం కట్టిన) ఇంటి ఓనరు గుంటూరు నుంచి వచ్చినాయన, కింద షాపు మెదక్ వాళ్లది, పైన పెంట్‌హౌస్‌లో ఒడిశా పిల్లలు. బాలానగర్ వైపు వెళ్తే ఫ్యాక్టరీల కోసం వచ్చి స్థిరపడ్డ కార్మిక కుటుంబాలు, ఫతేనగర్ వైపు ఇంకో లోకం. వీళ్లందర్నీ ఒక్క పేరుతో పిలవడం నాకు నచ్చదు.

అపోహ: ఓటరు కార్డు ఉంది కాబట్టి ఓటు ఉంది.

వాస్తవం: కార్డు బీరువాలో ఉంటుంది, ఓటు జాబితాలో ఉంటుంది. జాబితాలో పేరు లేకపోతే కార్డు చూపించినా వేయనివ్వరు. ఇల్లు మారితే ఫారం 8 పెట్టాలి, కార్డు నంబరు అదే ఉంటుంది, పాత చోట పేరు తీసేస్తారు. మొదటిసారి నమోదుకి ఫారం 6. ఊళ్లో ఒకటి, ఇక్కడ ఒకటి ఉంచుకోవడం చట్టప్రకారం తప్పు, "ఊళ్లో మా బంధువు సర్పంచ్‌గా నిలబడ్డాడు సార్, అందుకే ఉంచా" అన్నా తప్పే.

ఒక అపార్ట్‌మెంటుకి వెళ్తే జాబితాలో ఒకే ఇంటి నంబరు కింద 22 పేర్లు కనిపించాయి, ఫ్లాట్ నంబరు ఒక్కదానికీ లేదు. గేటు దగ్గరే వాచ్‌మన్ "వాళ్లెవరూ లేరు సార్, అందరూ వెళ్లిపోయారు" అన్నాడు. నమ్మి వచ్చేస్తే 22 ఓట్లు పోయేవి. నాలుగు అంతస్తులూ ఎక్కి తలుపులు కొడితే తొమ్మిది మంది ఉన్నారు, అందులో ఒకావిడ అదే ఫ్లాట్లో పదకొండేళ్లుగా ఉంటోంది.

2011 ఫిబ్రవరిలో జనగణన డ్యూటీ కూడా పడింది. ఒక హాస్టల్లో కుర్రాడు "మా పేర్లు ఊళ్లో అమ్మ రాయించేసింది సార్, ఇక్కడ వద్దు" అన్నాడు. రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, ఇక్కడి నీళ్లు తాగుతున్నాడు, ఇక్కడి బస్సెక్కుతున్నాడు. రేపు గీతలు మళ్లీ గీసేది ఇలాంటి లెక్క చూసేనయ్యా, నువ్వు ఎక్కడ ఉంటే అక్కడే లెక్కలోకి రావాలి అని చెప్పాను. అక్కడే నిలబడి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు నాకూ వినిపించింది, "అయితే ఇక్కడ కొట్టేయించమంటావా నాయనా?" అని అడిగింది.