టీడీఎస్ 200

చెన్నైలో అద్దె ఇల్లు చూడటానికి వెళ్ళినవాడు మొదట అడిగేది అడ్వాన్సు ఎంతని. రెండోది బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మోతాదు, ఎంతని. పెరంబూరులో మా బోరు 1,400 చూపిస్తుంది. మెట్రో వాటర్ వచ్చిన రోజు 300కి దిగితే ఆ రోజు మా ఇంట్లో కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది. ఇక 200 అంటే కొబ్బరి నీళ్ళతో సమానం.

అదే నీటిలో బతకలేని పురుగొకటి ఉంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా, కెంటకీ రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ కొండల్లో వాగుల అడుగున రాళ్ళను పట్టుకుని పెరుగుతుంది. పేరు మేఫ్లై. రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఆ కొండ వాగుల్లో నీటి విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 300 మైక్రోసీమెన్స్ దాటితే ఇలాంటి జీవులు కనుమరుగవడం మొదలవుతుందని ఆ దేశపు పర్యావరణ సంస్థ 2011లో తేల్చింది. నీటిలో కరిగిన ఉప్పు పెరిగితే వాహకత పెరుగుతుంది. మన చేతిలో ఉండే టీడీఎస్ మీటరు కూడా నిజానికి కొలిచేది వాహకతనే. దాన్నొక గుణకంతో హెచ్చించి పీపీఎంగా, అంటే పది లక్షల్లో ఇన్ని వంతులని, చూపిస్తుంది, అంతే. ఆ 300 మన మీటరు మీద సుమారు 150 నుంచి 200 మధ్య పడుతుంది. మనం సంబరపడే నీళ్ళు అక్కడ ప్రమాద ఘంటికన్నమాట. పైగా బొగ్గు గనులకు దిగువన పారే వాగులు కొన్ని 1,000 మైక్రోసీమెన్స్ కూడా దాటాయి.

ఆ ఉప్పు సముద్రం నుంచి రాలేదు, కొండ కడుపులోంచి వచ్చింది.

రాయి రాయిగా ఉన్నంతకాలం వాన దాని పైపైనే జారిపోతుంది. పేల్చి ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ కొత్త ముఖాలు పుడతాయి, అన్నిటినీ నీరు తాకుతుంది. బొగ్గు పొరల చుట్టూ ఉండే రాళ్ళలో పైరైట్ ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది. గాలీ నీరూ తగిలితే దాంట్లోంచి గంధకామ్లం పుడుతుంది. అదృష్టమో దురదృష్టమో, అక్కడి చాలా రాళ్ళలో సున్నపు జాతి ఖనిజాలు కూడా ఉన్నాయి. అవి ఆమ్లాన్ని విరిచేస్తాయి. దాంతో నీరు పుల్లబడదు, కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్లతో ఉప్పుబారుతుంది. చూడటానికి తేటగానే ఉంటుంది. దానికి సెలీనియం తోడైతే చేప పిల్లలు వంకర వెన్నుతో పుడతాయి.

అసలు అక్కడ బొగ్గు కోసం కొండను ఎందుకు పేల్చాల్సి వచ్చింది? దీనికి జవాబు బొగ్గు తరిగిపోవడంలో ఉంది. కానీ మనం మామూలుగా అనుకునే అర్థంలో కాదు.

మన దేశంలో బొగ్గు ఎంతుందో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క కడుతుంది. 2024 ఏప్రిల్ నాటికి దాదాపు 38,900 కోట్ల టన్నులు. 2024-25లో దేశం మొత్తం తవ్వింది 104 కోట్ల టన్నుల పైచిలుకు. భాగిస్తే 370 ఏళ్ళు దాటుతుంది. ఈ భాగహారం చేసి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ లెక్క మీద నమ్మకం లేదు. 1,200 మీటర్ల లోతున ఉన్న బొగ్గు, ఊళ్ళ కింద, నదుల కింద, అడవుల కింద ఉన్న బొగ్గు, అంతా అందులో ఉంది. జాడీ అడుగున ఆవకాయ ఉంటుంది, గరిటె అందదు. ఉన్నది వేరు, అందేది వేరు.

గరిటె ఎంతవరకు అందుతుందో అమెరికా భూగర్భ సర్వే 2008లో ఒకచోట లెక్కేసి చూసింది. వయోమింగ్‌లోని జిల్లెట్ బొగ్గు క్షేత్రం ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువ బొగ్గు ఇచ్చేది. అక్కడి భూమిలో మొదట ఉన్నది 20,000 కోట్ల టన్నులు. తవ్వడానికి వీల్లేని చోట్లు తీసేసి, తవ్వకంలో వృథా అయ్యేది తీసేసి, ఆనాటి ధరకు గిట్టుబాటయ్యేది ఎంతని చూస్తే మిగిలింది సుమారు 1,000 కోట్ల టన్నులు. ధర పెరిగితే ఈ అంకె పెరుగుతుంది, పడిపోతే తరుగుతుంది. నిల్వ అనేది రాయి లెక్క కాదు, రూపాయి లెక్క. 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త బ్రిటన్‌కు ఈ సంగతి చెప్పాడు. బొగ్గు అయిపోకముందే చవక బొగ్గు అయిపోతుందని ఆయన భయం. బ్రిటన్ ఉత్పత్తి 1913లో శిఖరాన్ని తాకి మళ్ళీ ఆ ఎత్తు చూడలేదు.

అపలాచియన్ కొండల్లో మందపు పొరలను నూరేళ్ళకు పైగా తవ్వేశారు. మిగిలినవాటిలో చాలా పొరలు మనిషి నిలబడలేనంత పలచనివి, కొండలో పైన ఒకటి కింద ఒకటిగా ఉన్నవి. సొరంగం వేస్తే కూలి గిట్టదు. పైనుంచి అడవి నరికి, అమ్మోనియం నైట్రేటు దట్టించి శిఖరాన్ని పేల్చేస్తే నాలుగైదు పొరలు ఒకేసారి చేతికొస్తాయి. గరిటె అందకపోతే జాడీ పగలగొట్టడం లాంటిది. 1970ల తర్వాత ఈ పద్ధతి ఊపందుకుంది.

పాత ఇల్లు కూల్చినప్పుడు శిథిలాలు ఆ స్థలంలోనే పట్టవు, ఎక్కడికో తోలాలి. కొండ కూడా అంతే. పగిలిన రాయి ఎక్కువ చోటు అడుగుతుంది. మైదానంలోనైతే పక్కన కుప్ప పోస్తారు. నిటారు కొండల్లో పక్కనున్నది లోయ ఒక్కటే, ఆ లోయలోనే వాగు పుడుతుంది. దక్షిణ వెస్ట్ వర్జీనియాలో ఇలా లోయల్లోకి చేరిన రాయి 6.4 ఘన కిలోమీటర్లని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో లెక్కగట్టారు. మన చెన్నై చెంబరంబాక్కం చెరువును నిండా నింపితే పట్టే నీరు దాదాపు 0.1 ఘన కిలోమీటరు. అలాంటి చెరువులు అరవైకి పైగా రాయితో నింపారన్నమాట. కొన్ని చోట్ల ఆ పోత 200 మీటర్ల మందం ఉంది. తవ్విన నేల మునుపటికన్నా 40 శాతం చదునైపోయింది.

మా మేనమామ గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్ళు బాయిపని చేశాడు. బాయంటే అక్కడ బొగ్గుబాయి. కంటి ఆపరేషన్‌కని జీటీ ఎక్కి వచ్చినప్పుడు, అత్తిపట్టు దాటుతుంటే ఉత్తర చెన్నై థర్మల్ పొగగొట్టాలు చూశాడట. ఇంటికి రాగానే, "ఇక్కడ బొగ్గు ఏడికెల్లి వస్తది అల్లుడా?" అని అడిగాడు. ఒడిశా తాల్చేరు నుంచి పారాదీప్‌కు రైల్లో, అక్కణ్ణుంచి ఎన్నూరుకు ఓడలో అని చెప్పాను. ఆ ఓడల కోసమే ఎన్నూరు రేవును కట్టి 2001లో తెరిచారు. ఒక యూనిట్ కరెంటుకు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు. ఆయన పడుకున్న గదిలో రాత్రంతా ఏసీ తిరిగితే ఎనిమిది యూనిట్లు అనుకుందాం. అంటే ఐదు కిలోల పైమాట. అందులో దాదాపు రెండు కిలోలు బూడిదగా మిగులుతుంది.

నేను అపలాచియన్ ఫొటోలు ఫోన్లో చూపిస్తే, ఆపరేషన్ కాని కన్ను దగ్గరగా పెట్టి చూసి నవ్వాడు. "మా తాన ఉల్టా. గుట్టలు లేకుండె. ఓసీపీలు వచ్చినంక మట్టి గుట్టలు లేసినయ్." నిజమే. ఓసీపీలంటే నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు. సింగరేణిలో టన్ను బొగ్గుకు ఐదారు ఘనపు మీటర్ల మట్టి తీయాల్సి వస్తోంది. 1990ల మొదట్లో అక్కడ లక్షా పదహారు వేల మంది ఉద్యోగులుండేవాళ్ళు, ఉత్పత్తి రెండు కోట్ల టన్నుల దగ్గర. ఇప్పుడు ఉద్యోగులు నలభై వేలకు అటూ ఇటూ, ఉత్పత్తి ఏడు కోట్ల టన్నుల దగ్గర. వెస్ట్ వర్జీనియాలోనూ ఇదే కథ. 1940లలో లక్షకు పైగా ఉన్న గని కార్మికులు ఇప్పుడు పదిహేను వేల లోపే. కొండ పోయినా కొలువు దక్కుతుందన్న మాట అక్కడెవరూ గట్టిగా అనలేరు.

"మరి ఆ సాపు జేసిన గుట్ట మీద ఏం జేస్తరు?" అన్నాడు మామ.

తవ్వాక నేలను పాత రూపానికి తేవాలని అమెరికాలో 1977 చట్టం చెబుతుంది. శిఖరాన్ని చదును చేసి వేరే పనికి వాడతామంటే మినహాయింపు కూడా ఇస్తుంది. ఎక్కువ చోట్ల గడ్డి చల్లి వదిలేశారు. యంత్రాల కింద నలిగి బిగుసుకుపోయిన ఆ మట్టిలో అడవి లేవడం చాలా కష్టం. కెంటకీలో మార్టిన్ కౌంటీలో మాత్రం అలాంటి చదును మీద ఫెడరల్ జైలు కట్టారు. కడుతుండగానే కింద పోత కుంగింది. న్యూయార్క్‌లో సింగ్ సింగ్ అనే పేరుమోసిన జైలుంది కదా, దీనికి జనం సింక్ సింక్ అని పేరు పెట్టారు. సింక్ అంటే కుంగడం అని వివరించేసరికి మామ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"డంపు మట్టి మీద గోడ లేపుతరా? మా ఖనిల పోరగాన్ని అడిగినా జెప్తడు," అని ఏసీ రిమోట్ నా చేతికిచ్చి అటు తిరిగి పడుకున్నాడు.