చిన్న సెన్సార్ చేసిన నేరమేమిటి?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన రెండు ఫొటోలూ అందాయి. పగటిపూట తీసిన దాంట్లో పిల్లి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. రెండోది అదే పిల్లి, రాత్రి దీపం దగ్గర. ఒళ్లంతా ఇసుక చల్లినట్టుంది, కుర్చీ కింద నీడలో ఊదా, ఆకుపచ్చ మరకలు. "తాతయ్యా, మీరిచ్చిన కెమెరాలో సెన్సార్ చిన్నదట, అందుకే ఇలా వస్తోందట, దీన్ని పక్కన పెట్టేయమంటున్నారు" అని రాశారు. సెన్సార్ అంటే ఫిల్ముకు బదులు వెలుతురును పట్టే పలక. ఎవరన్నారో అడగను. వాళ్లు చెప్పింది సగం నిజం. ఆ సగం ఎక్కడిదాకానో తేల్చుకోకుండా కెమెరాను అటక ఎక్కించకండి.

ముందు ఒక తెల్లకాగితం, స్కేలు, పెన్సిలు తెచ్చుకోండి. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తుతో ఒక దీర్ఘచతురస్రం గీయండి. పాత ఫిల్ము రీలులో ఒక్కో ఫ్రేము ఇంతే ఉండేది, ఇప్పుడు ఫుల్‌ఫ్రేమ్ అంటున్నదీ దీన్నే. దాని ఎడమ మూలలో 17.3, 13 మిల్లీమీటర్లతో ఇంకొకటి గీయండి. 2008లో ఒలింపస్, పానసోనిక్ కలిసి ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ రకం కెమెరాల సెన్సార్ అది. అదే మూలలో 13.2, 8.8 కొలతలతో మూడోది గీయండి. 2011లో వచ్చిన నికాన్ 1 వరుస కెమెరాల సెన్సార్ ఇంతే, మీ చేతిలో ఉన్నదీ ఇంతే. చివరగా 6.2, 4.6 మిల్లీమీటర్లతో ఒక ముక్క. అదే ఏడాది వచ్చిన పెంటాక్స్ క్యూ అనే బుల్లి కెమెరాలో ఉన్నది అది. చిటికెన వేలి గోరు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అంత ముక్కకు లెన్సులు మార్చుకునే ఏర్పాటు కూడా చేసిన వాళ్ల ధైర్యాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

ఒక చిరాకు ఇక్కడే చెప్పేస్తాను. మన సెన్సార్‌ను "ఒక అంగుళం రకం" అంటారు. స్కేలు పెట్టి చూడండి, అందులో ఏ వైపూ అంగుళం లేదు. మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లే. పూర్వం టెలివిజన్ కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి. గొట్టం బయటి వెడల్పు అంగుళమైతే, లోపల బొమ్మ పడే చోటు ఇంచుమించు ఇంత ఉండేది. గొట్టాలు పోయాయి, వాటి కొలత మాత్రం పేరులో మిగిలిపోయింది. అమ్మేవాళ్లకు ఈ పేరు మీద ఎందుకంత ప్రేమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. వాన మొదలయ్యే క్షణంలో బండలు పరిచిన నేలను ఎప్పుడైనా గమనించారా? ఒక బండ మీద రెండు చినుకులు, పక్కదాని మీద ఏడు, ఆ పక్కదాని మీద ఒక్కటీ ఉండదు. మేఘానికి ఏ బండ మీదా పక్షపాతం లేదు, చినుకులు పడే తీరే అంత. అరనిమిషం ఆగండి. ప్రతి బండ మీదా వందల చినుకులు పడి, నేలంతా ఒకే రంగుకు తిరుగుతుంది.

వెలుతురు కూడా చినుకులుగానే పడుతుంది. ఆ చినుకుల పేరు ఫోటాన్లు. ఒక చోట సగటున 9 ఫోటాన్లు పడాల్సి ఉంటే, హెచ్చుతగ్గు 3 వరకు ఉండటం మామూలే. అంటే మూడో వంతు. సగటున 10,000 పడితే హెచ్చుతగ్గు 100. అంటే నూటికి ఒకటి. ఇది మీ లెక్కల పుస్తకంలోని వర్గమూలమే, ఇంకేమీ కాదు. మీ పిల్లి మీద పడిన ఇసుకలో ఎక్కువ భాగం ఇదే. దీన్ని నాయిస్ అంటారు. చాలామంది దీన్ని సెన్సార్ నాసిరకం కావడం వల్ల వచ్చిన లోపం అనుకుంటారు. ప్రపంచంలో ఎంత గొప్ప సెన్సార్‌ను తెచ్చినా, పడిన ఫోటాన్లు తక్కువైతే ఈ గరుకు తప్పదు.

మరి చిన్న సెన్సార్ చేసిన నేరమేమిటి? దానికి దక్కే చినుకులు తక్కువ, అంతే. రెండు కెమెరాలతో ఒకే దృశ్యాన్ని, అదే ఎఫ్ సంఖ్యతో, అదే షట్టర్ వేగంతో తీశామనుకోండి. ఎఫ్ సంఖ్య లెన్సు కంత ఎంత తెరిచామో చెబుతుంది, సంఖ్య చిన్నదైతే కంత పెద్దది. షట్టర్ వేగం వెలుతురును ఎంతసేపు లోపలికి రానిచ్చామో చెబుతుంది. ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే వెలుతురు రెండింటిలోనూ సమానమే. కానీ ఫుల్‌ఫ్రేమ్ విస్తీర్ణం 864 చదరపు మిల్లీమీటర్లు, మనది 116. బొమ్మ మొత్తానికి చేరిన వెలుతురులో ఏడున్నర రెట్ల తేడా. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు ఈ తేడా నాలుగు రెట్లు, ఆ గోరంత పెంటాక్స్‌కు ముప్పై రెట్లు. వెలుతురు రెట్టింపైతే ఫొటోగ్రాఫర్లు దాన్ని ఒక స్టాప్ అంటారు. ఆ లెక్కన మనం దాదాపు మూడు స్టాప్‌లు వెనకబడి ఉన్నాం. పడిన వెలుతురును కెమెరా ఎంత పెద్దది చేసి చూపాలో చెప్పే అంకె ఐఎస్ఓ. రెండు సెన్సార్లూ ఒకే కాలంలో తయారైనవైతే, మన కెమెరాలో ఐఎస్ఓ 400 దగ్గర కనిపించే గరుకు ఫుల్‌ఫ్రేమ్‌లో ఐఎస్ఓ 3200 దగ్గర కనిపిస్తుంది.

ఇక్కడిదాకా మిమ్మల్ని భయపెట్టినవాళ్లు చెప్పింది నిజమే. ఇక్కడి నుంచి వాళ్లు చెప్పనిది.

మీ రాత్రి ఫొటో ఫైలు వివరాలు చూశాను. ఎఫ్ 5.6, సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ 3200. కెమెరాతో వచ్చిన జూమ్ లెన్సును చివరిదాకా తిప్పి తీశారు. ఐఎస్ఓ పెంచితే కెమెరాకు ఎక్కువ వెలుతురు వస్తుందని మీరు అనుకుంటున్నారేమో. రాదు. పడిన కాస్త వెలుతురునే పెద్దది చేసి చూపిస్తుంది, దానితోపాటు హెచ్చుతగ్గులనూ పెద్దవి చేస్తుంది. వెలుతురు వచ్చేది లెన్సు కంతలోంచే. అల్మరాలో 18.5 మిల్లీమీటర్ల చిన్న లెన్సు ఉంది చూడండి, ఎఫ్ 1.8ది. జూమ్ చేయడం కుదరదని మీరు చిన్నచూపు చూసినది. ఎఫ్ 5.6తో పోలిస్తే అది పదింతల దాకా వెలుతురును లోపలికి పంపుతుంది. సెన్సార్ చిన్నదైనందువల్ల పోయింది ఏడున్నర రెట్లు, లెన్సు మార్చితే వచ్చేది పది రెట్లు. పెద్ద కెమెరాకు మామూలు జూమ్ తగిలించుకుని వచ్చినవాడు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతే, అదే దీపం దగ్గర మీ ఫొటో అతని ఫొటో కంటే ఏమాత్రం తీసిపోదు. కాకపోతే అతను కూడా ఎఫ్ 1.8 లెన్సు తెచ్చుకుంటే మళ్లీ మనం వెనకే. అది ఒప్పుకోవాలి.

వెనుక దృశ్యం మెత్తగా కరిగిపోవాలన్న కోరిక కూడా అలాంటిదే. మన ఎఫ్ 1.8 లెన్సు వెనుక భాగాన్ని మసకబార్చే పనిలో ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్ 5 లెన్సు పెట్టినంతే చేస్తుంది. ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి మిగతాదంతా పొగమంచులా కావాలంటే ఇది తగిన పరికరం కాదు.

అదే లోపాన్ని తిరగేసి చూడండి. మీకు చీమలంటే ఇష్టం కదా. చీమ తల నుంచి తోక దాకా స్పష్టంగా రావాలంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 16 పెట్టాలనుకోండి. మన కెమెరాలో ఎఫ్ 5.6 పెడితే దాదాపు అంతే లోతు స్పష్టంగా వస్తుంది. చీమ ఆగదు కాబట్టి షట్టర్ వేగం మీకూ, ఆ పెద్ద కెమెరా వాడికీ ఒకటే. అతను లెన్సు కంతను అంత మూసుకున్నాడు కాబట్టి ఐఎస్ఓను మూడు స్టాప్‌లు పెంచక తప్పదు. చివరికి రెండు బొమ్మల్లోనూ గరుకు సమానమే. మోసినందుకు అతనికి మిగిలింది భుజం నొప్పి.

మెగాపిక్సెళ్ల గొడవ పొడిగించను. సెన్సార్ మీద వెలుతురును పట్టే ఒక్కో గడి పేరు పిక్సెల్. అది చిన్నదైతే బొమ్మ పాడవుతుందన్నది అందరూ చెప్పే మాట. బొమ్మ మొత్తాన్ని ఒకే సైజులో చూసినప్పుడు గరుకును ముఖ్యంగా నిర్ణయించేది సెన్సార్ మొత్తం విస్తీర్ణం, దాన్ని ఎన్ని ముక్కలు చేశారన్నది కాదు. ఇంకో సంగతి. 10 మెగాపిక్సెళ్లంటే కోటి పిక్సెళ్లు. ఆరంగుళాలకు నాలుగంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చొప్పున లెక్కవేసినా, 21 లక్షల 60 వేలు చాలు. అంటే నాలుగైదు పిక్సెళ్లు కలిసి ఒక్కటవుతాయి, గరుకు సగానికి తగ్గుతుంది. మీరు కంప్యూటర్ తెర మీద ఫొటోను నూటికి నూరు శాతం పెద్దది చేసి, ముక్కు తెరకు ఆనించి చూస్తున్నారని నా అనుమానం. ఆ పిల్లి ఫొటోను ఒకసారి ప్రింటు తీయించి చేతిలో పట్టుకుని చూడండి.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని. ఫిల్ము రోజుల్లో మాకు ఒక పాఠం ఉండేది: బాగా స్పష్టంగా రావాలంటే లెన్సు కంత మూసెయ్, ఎఫ్ 8, ఎఫ్ 11 పెట్టెయ్. ఈ కెమెరా కొన్న కొత్తలో ఒక జలపాతం దగ్గరికి వెళ్లాను. నీళ్లు పాలధారలా రావాలని షట్టర్‌ను నెమ్మది చేసి, ఎఫ్ 16 పెట్టి, మధ్యాహ్నమంతా తీశాను. ఇంటికి వచ్చి చూస్తే రాళ్లు, నాచు, ఆకులు, అన్నీ కళ్లద్దాలు తీసేసి చూసినట్టున్నాయి. లెన్సును మూడుసార్లు తుడిచాను. నా కళ్లద్దాలను కూడా తుడిచాను. దోషం రెండింటిలోనూ లేదు.

వెలుతురు సన్నటి కంతలోంచి దూరితే కాస్త విచ్చుకుంటుంది. ఒక చుక్క చుక్కలాగే పడదు, చిన్న బిళ్లగా పడుతుంది. ఆ బిళ్లను 1835లో జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త లెక్కకట్టాడు. ఆకుపచ్చ వెలుతురుకు ఎఫ్ సంఖ్యను 1.34తో గుణిస్తే బిళ్ల వెడల్పు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, వస్తుంది. ఎఫ్ 16 దగ్గర అది 21 మైక్రాన్లు. 10 మెగాపిక్సెళ్ల అంగుళం రకం సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.4 మైక్రాన్లు. అంటే ఒక్క చుక్క అడ్డంగా ఆరు పిక్సెళ్ల మీద పరుచుకుంది. నాచు కనిపించమంటే ఎలా కనిపిస్తుంది? ఎఫ్ 4 దగ్గర బిళ్ల 5.4 మైక్రాన్లే. అందుకే వెలుతురు బాగా ఉన్నప్పుడు ఈ కెమెరాతో ఎఫ్ 2.8 నుంచి 5.6 మధ్యలోనే ఉండండి. నీళ్లు పాలధారలా కావాలంటే కంత మూయకండి, లెన్సు ముందు వెలుతురును తగ్గించే నల్ల ఫిల్టరు పెట్టండి. పెంటాక్స్ క్యూ లాంటి వాటిలో పిక్సెల్ ఒకటిన్నర మైక్రానే కాబట్టి అక్కడ ఎఫ్ 4 కూడా ఎక్కువే.

పగటి ఫొటోలో కిటికీ బయట మేఘం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది, గమనించారా? పిక్సెల్ మీద పడిన ఫోటాన్లు అందులో ఎలక్ట్రాన్లను పుట్టిస్తాయి. ఒక్కో పిక్సెల్ కొన్ని ఎలక్ట్రాన్లనే పట్టి ఉంచగలదు. నిండాక అక్కడ తెలుపు తప్ప ఇంకేమీ మిగలదు, తర్వాత ఎంత సవరించినా మేఘం తిరిగి రాదు. ఆకాశం ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను అంటే పడనిచ్చే వెలుతురును, అర స్టాపో, కొంచెం ఎక్కువో తగ్గించి తీయండి.

ఇంకొకటి. రాత్రి ఫొటోలో పిల్లి బొచ్చు దువ్వి నూనె రాసినట్టుంది. అది సెన్సార్ పని కాదు, కెమెరాలోని ప్రోగ్రాము పని. గరుకును చెరిపేయబోయి, బొచ్చును కూడా గరుకే అనుకుని చెరిపేసింది. మనుషుల ముఖాలైతే మైనపు బొమ్మల్లా తయారవుతాయి. నన్ను అడిగితే ఆ మైనం కంటే ఇసుకే మేలు. మెనూలో నాయిస్ తగ్గించే ఏర్పాటును బాగా తగ్గించండి. జేపెగ్‌తోపాటు రా ఫైలు, అంటే కెమెరా ఇంకా ఏమీ చెరపని ముడి ఫైలు, కూడా దాచుకునేలా పెట్టండి. చెరపడం, చెరపకపోవడం తర్వాత తీరిగ్గా మీరే తేల్చుకోవచ్చు.

మరి ఫోనులో సెన్సార్ ఇంకా చిన్నది కదా, రాత్రిపూట అదెందుకు బాగా తీస్తోందని అడిగారు. మంచి ప్రశ్న. ఫోను తీసేది ఒక్క ఫొటో కాదు. క్షణాల్లో వరుసగా చాలా ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, కలిపేస్తుంది. బండల మీద చినుకులు ఇంకాసేపు పడేదాకా ఆగడం లాంటిదే ఇదీ. ఆ పని మన కెమెరాతో మీరే చేయొచ్చు. కదలని వస్తువైతే కెమెరాను స్టాండు మీద పెట్టి, ఐఎస్ఓను అట్టడుగుకు దించి, షట్టర్‌ను రెండు సెకన్లు తెరిచి ఉంచండి. పుస్తకాల అర, పూలకుండీ, ఖాళీ కుర్చీ, ఏదైనా సరే, పగటి ఫొటోలా నున్నగా వస్తుంది. పిల్లి మాత్రం రెండు సెకన్లు కదలకుండా ఉండదు, నిద్రపోతే తప్ప.

కాబట్టి ఈసారి ఆ ఎఫ్ 1.8 లెన్సు తగిలించి, దీపానికి ఇంకో అడుగు దగ్గరగా పిల్లిని రప్పించి, మళ్లీ తీయండి. ఐఎస్ఓ 400 దాటకుండానే సరిపోవాలి. మొదట తీసిన రాత్రి ఫొటోకు రా ఫైలు కూడా ఉంటే అదీ పంపండి, పాపం ఆ బొచ్చు ఏమైనా దొరుకుతుందేమో చూస్తాను. అప్పటిదాకా మెమరీ కార్డును ఖాళీ చేయకండి.

మీ తాతయ్య