వైన్ ద్రాక్ష: మనవైపు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

మాది హిందూపురం వైపు. నంది కొండల కింద, దొడ్డబళ్లాపురం దగ్గర ఉన్న ఒక చిన్న వైనరీలో తోట పని చూస్తాను. కత్తిరింపు నుంచి కోత దాకా బాధ్యత నాదే. ఈమధ్య అనంతపురం, కదిరి, మడకశిర వైపు నుంచి ఫోన్లు బాగా పెరిగాయి. శెనక్కాయ వేసి నష్టపోయినవాళ్లు, బోర్లు ఎండి చీనీ చెట్లు కొట్టేసినవాళ్లు "వైన్ ద్రాక్ష పెడితే ఎలా ఉంటుందన్నా?" అని అడుగుతున్నారు. నాకు ఈ పంటంటే ప్రాణం. అందుకే సగం తెలిసి ఎవరూ ఇందులోకి దిగకూడదని నా కోరిక. ఎక్కువగా వినిపించే అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎత్తైన చోట తోట పెడితే చాలు, వైన్ దానంతటదే బాగుంటుంది.

మంచి వైన్‌కు ఎత్తే మూలమైతే ఫ్రాన్స్‌లోని బోర్డోకు అంత పేరు వచ్చేదే కాదు. అక్కడి తోటలు చాలావరకు సముద్రమట్టానికి కాస్త పైన మాత్రమే ఉంటాయి. ఆ ప్రాంతం 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి వాళ్లకు చల్లదనం అలాగే దొరుకుతుంది. మనం ఉన్నది 13, 14 డిగ్రీల దగ్గర. మనకు చల్లదనం కావాలంటే పైకి పోవాల్సిందే.

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అనంతపురం పట్నం సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. హిందూపురం 620 దాటింది. అంటే పాత అనంతపురం జిల్లా లోపలే ఈ రెండు ఊళ్లకూ దాదాపు రెండు డిగ్రీల తేడా ఉంటుంది. దొడ్డబళ్లాపురం వైపు 900 మీటర్ల దరిదాపులకు వస్తే ఇంకో రెండు డిగ్రీలు తగ్గుతాయి.

ఈ తేడా పగటికంటే రాత్రిపూట ఎక్కువ అక్కరకొస్తుంది. ద్రాక్షలో ముఖ్యంగా రెండు రకాల పులుపు ఉంటుంది. టార్టారిక్ యాసిడ్ వేడికి అంత తొందరగా తరగదు. మాలిక్ యాసిడ్‌ను మాత్రం కాయ తన శ్వాసకే వాడేసుకుంటుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే ఆ ఖర్చు ఆగదు. తీపి పెరుగుతుంది, పులుపు పోతుంది, వైన్ చప్పబడుతుంది. రాత్రి చల్లబడితే పులుపు నిలుస్తుంది, నల్ల ద్రాక్షకు రంగు కూడా బాగా పడుతుంది. అందుకే ఎవరైనా పొలం చూడమని పిలిస్తే, కాయ పండే జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ రాత్రులు ఎలా ఉంటాయని ముందుగా అడుగుతాను. ఆ ఊరివాళ్లకు అది మనకంటే బాగా తెలుసు.

ఎత్తుకు తగ్గ ఇబ్బందీ ఉంది. పైకి పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాలు బలంగా తగులుతాయి. దానివల్ల తొక్క మందమవుతుంది, రంగు చిక్కబడుతుంది, అంతవరకు మేలే. కానీ సాయంత్రపు ఎండ నేరుగా పడితే గుత్తులు మాడిపోతాయి. అందుకని గుత్తుల చుట్టూ ఆకులు తీసేటప్పుడు తూర్పు వైపు మాత్రమే తీస్తాం, పడమటి వైపు ముట్టుకోం.

అపోహ: తినే ద్రాక్ష పండించినవాళ్లకు ఇది చిటికెలో పని.

పెద్ద నష్టాలు ఈ నమ్మకం వల్లే వస్తాయి. కత్తిరింపుల వరకు రెండూ ఒకటే. మన వాతావరణంలో తీగ చలికి నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒకే పంట తీస్తాం. ఏప్రిల్ దరిదాపుల్లో చేసేది కొమ్మ కోసం, సెప్టెంబరు-అక్టోబరులో చేసేది కాయ కోసం. ఆ తర్వాత దారులు వేరు.

థాంప్సన్ సీడ్‌లెస్ అనే తినే రకం పండించే రైతు జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోను వాడి కాయను సాగదీస్తాడు, ఎందుకంటే మార్కెట్లో పెద్ద కాయకే రేటు. మాకు కాయ చిన్నగానే ఉండాలి. రంగు, వగరు, వాసనలో చాలా భాగం తొక్కలోనే ఉంటాయి. కాయ చిన్నదైతే రసంతో పోల్చినప్పుడు తొక్క ఎక్కువగా ఉంటుంది. తినే ద్రాక్షలో ఎకరాకు పది టన్నులు తీసేవాళ్లున్నారు. మేం నాలుగైదు టన్నులకు మించనివ్వం, ఎక్కువ కాస్తే పచ్చి గుత్తులే కోసి కింద పడేస్తాం. అది చూసి మనవైపు నుంచి వచ్చిన రైతులు విలవిల్లాడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. టన్నుల లెక్కలో బతికినవాళ్లకు చేతికొచ్చే కాయను నేలపాలు చేయడం మామూలు విషయం కాదు.

కోత కూడా వేరే లెక్కే. తినే ద్రాక్షకు 18 బ్రిక్స్ (రసంలో తీపిని కొలిచే అంకె) చుట్టుపక్కల తీపి వస్తే చాలు. షిరాజ్, కాబర్నే లాంటి నల్ల రకాలను మేం 22 నుంచి 24 దాకా ఆపుతాం. మీటరు చూపే అంకె ఒక్కటే చాలదు, గింజ నమిలి చూస్తాం. గింజ పచ్చగా ఉంటే వైన్‌లోకి చేదు వగరు దిగుతుంది. గోధుమ రంగు తిరిగి కరకరలాడితే కోతకు వచ్చినట్టు. కోత తెల్లవారకముందే మొదలుపెడతాం, కాయ చల్లగా ఉండగానే లోపలికి చేరాలి.

అపోహ: వైన్ ద్రాక్షకు నీళ్లు అక్కర్లేదు, మన కరువు సీమకు సరిగ్గా సరిపోతుంది.

ఇందులో సగం నిజముంది. అనంతపురంలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. గాలి పొడిగా ఉంటే బూజు తెగులు తగ్గుతుంది, గరుసు ఎర్ర నేలలో నీరు నిలవదు. రెండూ ద్రాక్షకు మంచివే. కాయ రంగు తిరిగే సమయంలో మేమే కావాలని నీళ్లు తగ్గిస్తాం. అయితే తగ్గించాలన్నా ముందు నీళ్లు ఉండాలి కదా. డ్రిప్, నమ్మకమైన బోరు లేకుండా దిగొద్దు. బోరు నీళ్లలో ఉప్పు ఉంటే మరీ జాగ్రత్త: సొంత వేర్ల మీద కాకుండా డాగ్‌రిడ్జ్, 110ఆర్ లాంటి రూట్‌స్టాక్ (అంటుకు కింద వేరుగా ఉండే వేరే రకం మొక్క) మీద అంటు కట్టిన మొక్కే పెట్టాలి. ముందుగా నీటి పరీక్ష చేయించండి, ఆ తర్వాతే నర్సరీకి వెళ్లండి.

కరువు సీమ అయినా అసలు గండం వానతోనే. అక్టోబరు కత్తిరింపు తర్వాత లేత చిగురు మీద తుపాను ముసురు పట్టిందంటే బూజు తెగులు, పక్షికన్ను తెగులు ఒకేసారి విరుచుకుపడతాయి. నవంబరంతా మాకు టెన్షనే.

అపోహ: వైన్‌లో స్పిరిట్, రంగు, ఎసెన్స్ కలుపుతారు.

మామూలు టేబుల్ వైన్‌లో ఆల్కహాల్ ద్రాక్షలోని చక్కెర నుంచే వస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెరను ఈస్ట్ తింటే ఒక శాతం ఆల్కహాల్ తయారవుతుంది. పోర్ట్ లాంటి వైన్లలో ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు, అది వేరే రకం. చాలా నల్ల ద్రాక్షల రసం లోపల రంగు లేకుండానే ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెట్టడం వల్ల ఎరుపు వస్తుంది. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో క్యాప్సికం వాసన వస్తే అది కాయలో ఉన్నదే. కలిపేవి అసలే లేవా అంటే ఉన్నాయి: పాడవకుండా కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్, పులుపు చాలకపోతే టార్టారిక్ యాసిడ్. అడిగినవాళ్లకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

అపోహ: కాళ్లతో తొక్కి చేస్తారు, ఎంత పాతదైతే అంత మంచిది.

తొక్కడం ఇప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ల సరదా కోసమే. పనంతా కాడలు తీసే మెషీన్, ప్రెస్సు, చల్లబరిచే స్టీలు ట్యాంకులతో జరుగుతుంది. చిన్న వైనరీకి ఉన్న మేలేమిటంటే, తోటలో ఒక్కో భాగంలోని కాయనూ విడిగా పులియబెట్టి చూసుకోవచ్చు. ఇక పాతబడటం గురించి: మార్కెట్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగడానికి చేసినవే. తెల్ల వైన్‌ను మన ఎండల్లో బీరువాలో దాస్తే పాడవుతుంది.

అపోహ: రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిది.

ఈ మాట చెప్పి వైన్ అమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. క్యాన్సర్ కారకాల్లో పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే మద్యమూ ఉంది. వైన్ కూడా మద్యమే. రుచి కోసం తాగేవాళ్లు ఆ సంగతి తెలిసి తాగాలి.

అపోహ: తోట పెడితే కొనేవాళ్లు వాళ్లే వస్తారు.

హంపి కొండల దగ్గర చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్స్మా ఎస్టేట్స్ పెట్టి మంచి పేరు తెచ్చుకున్నారు. తెలుగువాళ్లుగా మనకది గర్వం. అయితే అక్కడ తోటా వాళ్లదే, వైనరీ కూడా వాళ్లదే. కాయ మాత్రమే అమ్ముకునే రైతు పరిస్థితి వేరు. వైన్ ద్రాక్షలో గింజలు ఎక్కువ, తొక్క మందం, కాయ చిన్నది. అనంతపురం మార్కెట్లో తినడానికి ఎవరూ కొనరు. 2008 తర్వాత మహారాష్ట్రలో వైనరీలు కొనలేక చేతులెత్తేసినప్పుడు ఎంతోమంది రైతులు కాపుకొచ్చిన తోటలు పీకేశారు.

కాబట్టి మొక్క నాటకముందే వైనరీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ఏ రకం, ఏ రూట్‌స్టాక్, ఎకరాకు ఎన్ని టన్నుల దాకా కొంటారు, కోత తేదీ ఎవరు నిర్ణయిస్తారు, వానపడి బ్రిక్స్ తగ్గితే రేటు ఎంత కోస్తారు, బండి బాడుగ ఎవరిది, ఇవన్నీ అందులో ఉండాలి. ఏదైనా ఏడాది వాళ్లకు సరుకు అక్కర్లేకపోతే రైతుకు ఏమిస్తారన్న షరతు నేను చూసిన కొన్ని ఒప్పందాల్లో లేనే లేదు. దాన్ని అడిగి రాయించుకోండి.