గట్టు మీద నవ్వు

కోనసీమలో కాలువ గట్టు మీద ఓ టీ కొట్టు అనుకోండి. నలుగురు కూర్చుని రొయ్యల రేటు మాట్లాడుకుంటున్నారు. సైకిల్ మీద ఒకాయన వెళ్తుంటే వాళ్లలో ఎవరో పకపకా నవ్వారు. మనమైతే పట్టించుకోం. ఆయనకి ఆ రాత్రి నిద్ర లేదు. నెల తిరిగేసరికి వాళ్లు తనని చంపాలని చూస్తున్నారనీ, అన్నంలో మందు కలిపిస్తున్నారనీ తేల్చేసుకున్నాడు.

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో తరచూ కనిపించే ఈ నమ్మకాన్ని పీడన భ్రమ అంటారు. ఊళ్లో అయితే గాలి సోకిందంటారు, డాక్టరు డోపమైన్ అనే మెదడు రసాయనం పని అంటాడు. డాక్టరు మాటలో నిజముంది. డోపమైన్ అదుపు తప్పితే మామూలు నవ్వులో కూడా ఏదో అర్థం ఉన్నట్టు తోస్తుంది. కానీ ఆ అర్థం ‘చంపేస్తారు’ అనే ఎందుకవ్వాలి?

తాను అందరికీ అలుసు అని ముందునుంచీ మనసులో ఉన్నవాడికి ఏ నవ్వయినా తన మీదే. దానికి నిద్రలేమి తోడైతే మరీ కష్టం. 2017లో బ్రిటన్‌లో నిద్ర పట్టని 3,755 మంది విద్యార్థులపై పరీక్ష చేశారు. నిద్రకి చికిత్స అందినవాళ్లలో అనుమానాలూ తగ్గాయి. రాత్రంతా అదే టెన్షన్‌తో దొర్లితే తెల్లారేసరికి అనుమానం గట్టిపడటంలో వింతేముంది?

ఇంకో సంగతి, తొందరపాటు. రెండు జాడీలు. ఒకదాంట్లో ఒక రంగు పూసలు 85, ఇంకో రంగువి 15, రెండోదాంట్లో తారుమారు. ఒక జాడీలోంచి ఒక్కో పూస తీసి చూపిస్తూ, అది ఏ జాడీయో చెప్పమంటారు. భ్రమలున్నవాళ్లలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేస్తారు. (ఎన్నికలప్పుడు మనమూ అంతేలెండి.)

నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించేది దీని తర్వాతి మెట్టు. మన సైకిలాయన గట్టు మానేసి, కొబ్బరితోటల్లోంచి చుట్టు తిరిగి వెళ్తున్నాడు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆయన లెక్క మాత్రం వేరు: ‘ఇటు వచ్చాను కాబట్టే బతికాను.’ ఇక ఆ భయం తప్పని తేలే దారే లేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ అనే మనస్తత్వ నిపుణుడి బృందం చికిత్స పట్టుకున్నది ఇక్కడే. మందులు మాన్పించరు. నిద్ర, బెంగ, ఆత్మగౌరవం ఒక్కోటీ సరిచేస్తూ, మనిషిని నెమ్మదిగా తను భయపడే చోటికే తీసుకెళ్తారు. 2021లో వచ్చిన ఫలితాల్లో సుమారు సగం మందికి భ్రమ వదిలింది. మన సైకిలాయన మొదటిరోజు కొట్టు దగ్గర దిగి టీ తాగక్కర్లేదు. గట్టు మీంచి వెళ్తే చాలు.