హన్మకొండ ఆసుపత్రి ఫోన్ బిల్లు గొడవ వెనుక 2020 లాక్‌డౌన్

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చిన ఫోన్ బిల్లు మీద రచ్చ మొదలైంది. శనివారం రాత్రి మొదలై సోమవారం పొద్దున అకౌంట్స్ వాళ్లు వచ్చేదాకా, ఆసుపత్రి నంబర్ నుంచి క్యూబాకు, సోమాలియాకు, లాట్వియాకు కాల్స్ పోతూనే ఉన్నాయి. కాల్ రికార్డు షీట్ చూస్తే విషయం అర్థమైపోతుంది: ఒకే నిమిషంలో పదుల కాల్స్, ఒక్కోటీ దాదాపు ఒకే నిడివి. మనిషి డయల్ చేస్తే అట్లా ఉండదు. అయినా బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర ఆసుపత్రి, లైన్ ఇచ్చిన ఆపరేటర్, ఫోన్ సిస్టమ్ అమ్మి చూసుకునేవాళ్లు ముగ్గురూ మూడు దిక్కులకు తిరిగారు.

ఈపీఏబీఎక్స్ అంటే ఆఫీసు లోపలి ఫోన్లను, అంటే ఎక్స్‌టెన్షన్లను, బయటి లైన్‌కు కలిపే పెట్టె. ఆ బయటి లైన్ ఇదివరకు పీఆర్‌ఐ అనే పాత తరహా డిజిటల్ లైన్, ఇప్పుడు ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ మోసే సిప్ ట్రంక్. నా దృష్టిలో ఈ మొత్తం గొడవకు మూలం ఒక్కచోటే ఉంది, అది 2020 లాక్‌డౌన్.

ఆ మార్చిలోనే టెలికాం శాఖ కాల్ సెంటర్ ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేసుకోవడానికి నిబంధనలు సడలించింది. పెద్ద కంపెనీలు వీపీఎన్‌లు (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారి), వాటిని చూసుకునే మనుషులు ఉన్నవి కాబట్టి పద్ధతిగా చేసుకున్నాయి. వరంగల్, కరీంనగర్‌ లాంటి చోట్ల ఆసుపత్రులకు, కాలేజీలకు, ఫైనాన్స్ ఆఫీసులకు ఆ ఏర్పాటు ఎక్కడుంది? డాక్టర్ ఇంట్లో ఉండి పేషెంట్ కాల్ ఎత్తాలి, అదీ ఆసుపత్రి నంబర్ మీదే. దానికి చాలామంది చేసిన పని ఒకటే. రూటర్‌లో 5060 పోర్ట్, అంటే సిప్ కాల్స్ వచ్చే తలుపు, తెరిచి నేరుగా ఈపీఏబీఎక్స్‌కు కలిపారు, డాక్టర్ మొబైల్‌నే ఆసుపత్రి ఎక్స్‌టెన్షన్‌గా మార్చే సాఫ్ట్‌ఫోన్ యాప్ వేశారు, ఎక్స్‌టెన్షన్ 204 అయితే పాస్‌వర్డ్ కూడా 204 పెట్టారు. "సారు ఇంట్లకెల్లి ఫోన్ ఎత్తాలన్నరు, గా రోజే కావాలన్నరు, ఇచ్చినం" అని ఆ పని చేసిన టెక్నీషియన్ చెప్పే మాటలో అబద్ధం లేదు. లాక్‌డౌన్ పోయింది, డాక్టర్లు ఓపీకి వచ్చేశారు, పోర్ట్ మాత్రం అట్లాగే తెరిచి ఉంది.

ఇక్కడ చాలామంది సిప్ ట్రంక్‌నే తిడుతున్నారు, అది సరి కాదు. ఆపరేటర్ తన ఫైబర్ మీద విడిగా ఇచ్చే ట్రంక్ ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించదు. దొంగ వచ్చింది అటు నుంచి కాదు, రిమోట్ ఎక్స్‌టెన్షన్ కోసం తెరిచిన పోర్ట్ నుంచి. ఇంటర్నెట్‌లో ప్రతి అడ్రస్‌నూ 5060 మీద పలకరించుకుంటూ పోయే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. జవాబొచ్చిన చోట ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఊహించి, పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నిస్తాయి. ఒక్కటి దొరికితే చాలు. ఆ తర్వాత విదేశాల్లో నిమిషానికి ఇంత అని వాటా వచ్చే నంబర్లకు కాల్స్ మళ్లిస్తారు, ఆ వాటా దొంగకు, బిల్లు మనకు.

మరి తాళం లేదా అంటే ఎప్పటి నుంచో ఉంది. సిప్‌కు ఇప్పటి రూపమిచ్చిన 2002 నాటి ప్రమాణంలోనే కాల్ కలిపే సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్ ఉంది, మాటను ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఆర్‌టీపీ 2004లో వచ్చింది. లోపలి ఈపీఏబీఎక్స్‌ను బయటికి కనపడనీయకుండా మధ్యలో నిలబడి, ఎవరు రావాలో ఎన్ని కాల్స్ పోవాలో చూసే సెషన్ బోర్డర్ కంట్రోలర్ కూడా కొత్తదేం కాదు. కానీ మన దగ్గర చాలా ఏళ్లు ఆ అవసరమే కనపడలేదు, ఎందుకంటే చట్టమే అడ్డుగోడ. 2002లో ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతిచ్చినా, దేశంలోని మామూలు ఫోన్లకు కలపనివ్వలేదు. 2018లో గానీ ఆ దారి సరిగ్గా తెరుచుకోలేదు, 2021 జూన్‌లో కాల్ సెంటర్ల మీద మిగిలిన ఆంక్షలూ చాలావరకు పోయాయి. ఆ గోడ కట్టింది కస్టమర్ కోసం కాదు, ఆపరేటర్ ఆదాయం పక్కదారి పట్టకుండా. గోడ తీసేటప్పుడు దాని వెనకున్న చిన్న ఆఫీసు సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఆపరేటర్ వాదన ఒక్క మాటలో తేలిపోతుంది: కాల్స్ మీ సిస్టమ్ నుంచే వచ్చాయి, కట్టండి. ఆసుపత్రి వాళ్లు చూపించే కాగితం మాత్రం ఆగి చదవాల్సినది. అది ఏఎంసీ, అంటే ఫోన్ సిస్టమ్ అమ్మినవాళ్లతో ఏటా చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం. అందులో కార్డులు, పవర్ సప్లై, బ్యాటరీ, పిడుగు పడితే ఏది కవర్ అవుతుంది ఏది కాదు, అన్నీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అనే మాట లేదు, పాస్‌వర్డ్ మార్చే బాధ్యత ఎవరిదో లేదు. రాగి తీగల కాలంలో టైపు చేసిన కాగితం మీద ఏటా తేదీ మార్చి సంతకాలు పెడుతూ వచ్చారు. ఏటా డబ్బు కట్టిన మనిషి, "ఇది కూడా చూసుకోవాలని నాకు ఎవరు చెప్పారు?" అని అడిగితే దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత అమ్మినవాళ్లకు ఉంది. అర్ధరాత్రి అన్ని చానళ్లూ ఒకేసారి క్యూబాకు నిండిపోతుంటే ఆపరేటర్ దగ్గర కూడా అది కనపడాలి కదా.

బిల్లుతో పోయేదైతే ఇంత టెన్షన్ ఉండేది కాదు. 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, రిజిస్టర్ కాకుండా సిప్, పీఆర్‌ఐ లైన్ల మీద ప్రచార కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లన్నీ కోసేయమని ఆదేశించింది. కొద్ది వారాల్లోనే 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. ఆ చర్య అవసరమే. కానీ ఇదే పోర్ట్ గుండా దూరినవాడు క్యూబాకు బదులు జనాలకు స్పామ్ కాల్స్ చేసి ఉంటే, ఎమర్జెన్సీకి పేషెంట్లు చేసే ఆసుపత్రి నంబరే పోయేది.

ఇప్పటికి 5060 మూసేశారు, ఐఎస్‌డీని ట్రంక్ దగ్గరే ఆపించారు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశారు. ఇంటర్నెట్‌లో ఏ అడ్రస్ (ఐపీ) నుంచి లాగిన్ అయ్యారో తేల్చడానికి ఆ పరికరాల్లో నమోదయ్యే లాగ్ కావాలి. సోమవారం పొద్దున కంగారులో రూటర్‌నూ ఈపీఏబీఎక్స్‌నూ ఆఫ్ చేసి ఆన్ చేయడంతో అది చెరిగిపోయింది. మిగిలింది ఆపరేటర్ కాల్ రికార్డు ఒక్కటే, అందులో కాల్ చేసింది ఎవరంటే ఆసుపత్రి నంబర్ తప్ప ఇంకేం లేదు.