నలభై రెండు రోజుల తర్వాత తల్లిని ఎవరు చూస్తున్నారు?

కాన్పు అయిన పేద తల్లికి సర్కారు వైద్యం ఎన్ని రోజులు అందుతుందని మన వరంగల్ వైపు ఎవరినైనా అడగండి, ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు. ఆస్పత్రిలో మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజులు. ఆశా కార్యకర్త రిజిస్టర్‌లో 42 రోజులు. అంగన్‌వాడీలో 6 నెలలు. కేసీఆర్ కిట్ డబ్బుల లెక్కలో 9 నెలలు, అది కూడా బిడ్డకు టీకాలు వేయించినందుకు ఇచ్చేది. ఈ లెక్కలన్నీ ఒక్కసారి వచ్చినవి కావు, ఒక్కరు పెట్టినవీ కావు. ఒక్కోటి ఒక్కో కాలంలో ఒక్కో అవసరం కోసం వచ్చింది. వీటిలో ఏదీ తల్లి పూర్తిగా కోలుకునేదాకా చూద్దామని మొదలుపెట్టింది కాదని నాకనిపిస్తుంది.

పాత కథ 1969 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది కేంద్రం దేశమంతా ఆస్పత్రుల్లో పోస్ట్‌పార్టమ్ కార్యక్రమం తెచ్చింది. జిల్లా ఆస్పత్రుల్లో పనిచేసిన పాత సిస్టర్లను అడిగితే ‘పీపీ యూనిట్’ అని ఇప్పటికీ చెప్తారు. పేరు చూస్తే బాలింతల కోసం పెట్టినట్టే ఉంటుంది, కానీ దాని అసలు పని కుటుంబ నియంత్రణ. కాన్పుకు వచ్చిన ఆడమనిషి ఎలాగూ మంచం మీదే ఉంది కాబట్టి, ఇంటికి పోయేలోపు ఆపరేషన్‌కు ఒప్పించాలి. ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 62 శాతం మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. అందులో చాలామందికి ముప్పై దాటకముందే ఆపరేషన్ అయింది. బాలింత ఇక కనకుండా ఉండటం గురించి ఆరోగ్య శాఖ పట్టించుకున్నంతగా ఆమె రక్తహీనత గురించి పట్టించుకోలేదు, ఇది కఠినంగా వినిపించినా నిజం.

2005లో లెక్క మారింది. ఏప్రిల్‌లో ఆస్పత్రి కాన్పుకు డబ్బు సాయం ఇచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది, ఆగస్టులో మన దగ్గర 108 అంబులెన్స్ వచ్చింది, ఆశా కార్యకర్తల వ్యవస్థ కూడా ఆ ఏడాది మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తోనే వచ్చింది. అప్పటి లక్ష్యం ఒక్కటే, కాన్పు ఇంట్లో కాకుండా ఆస్పత్రిలో జరగాలి. అది సరైన లక్ష్యమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03 నాటికి లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోతుండేవాళ్లు. 2011-13కు అది 92 అయింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణ లెక్క 2018-20కి 43కు దిగింది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లోని గూడేల నుంచి వాగులు దాటించి గర్భిణులను తెచ్చిన ఏఎన్ఎంలు (సబ్ సెంటర్ నర్సులు), ఆశాలు, డ్రైవర్లు, వరంగల్ సీకేఎం, హనుమకొండ ప్రసూతి ఆస్పత్రి లాంటి చోట్ల రాత్రనక పగలనక పనిచేసే సిస్టర్లు, డాక్టర్లు, వీళ్లందరి కష్టం ఆ అంకెలో ఉంది.

అయితే అందరి దృష్టీ ఆ ఒక్క రోజు మీదే ఉండటంతో, తర్వాతి రోజులకు వచ్చిన పథకాలు కూడా కాన్పుకు తోకలాగే వచ్చాయి. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చూడండి: ఉచిత కాన్పు, ఉచిత సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, ఇంటికి దింపే బండి. పైన చెప్పిన 3 రోజులు, 7 రోజుల భోజనం లెక్క ఇందులోదే. బండి ఇంటి దగ్గర దింపి వెళ్లాక ఆ కాగితం మీద ఆమె కథ దాదాపు అయిపోయినట్టే.

42 రోజుల లెక్కకు రెండు మూలాలున్నాయి. ఒకటి ప్రపంచమంతా వాడే నిర్వచనం, గర్భంతో ఉన్నప్పుడు గానీ, కాన్పయిన 42 రోజుల్లోపు గానీ ఆ కారణాలతో జరిగే మరణాన్నే మాతృ మరణంగా లెక్కిస్తారు. రెండోది మనకు బాగా దగ్గరిది. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే జిల్లా గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1990లలో 39 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసికందులను చూపించారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో వాళ్లు ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. ఆ పద్ధతినే 2011లో కేంద్రం ‘ఇంటి వద్దే నవజాత శిశు సంరక్షణ’ పేరుతో దేశమంతా తెచ్చింది. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లాలి, అన్నీ పూర్తిచేస్తే 250 రూపాయలు. ఆ ఫారంలో తల్లి గురించి కూడా ప్రశ్నలున్నాయి, జ్వరం ఉందా, రక్తస్రావం ఎక్కువగా ఉందా అని. కానీ ఆ పథకం పేరులోనూ, లక్ష్యంలోనూ ఉన్నది పసిబిడ్డే. ఆ తర్వాత 2018లో దాన్ని 15 నెలల దాకా పొడిగించారు, 3, 6, 9, 12, 15 నెలలకు మళ్లీ ఇంటికి వెళ్లి చూడాలి. పొడిగించింది బిడ్డకే.

ఇందులో మన ఇళ్ల తీరు వల్ల ఇంకో చిక్కు ఉంది. గర్భిణిగా ఆమె పేరు ఎక్కేది అత్తగారి ఊళ్లో. ఏడో నెలకో తొమ్మిదో నెలకో తల్లిగారింటికి పోతుంది, కాన్పు వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో అవుతుంది, తర్వాత మూడు నెలలో ఐదు నెలలో తల్లిగారింట్లోనే ఉంటుంది. అత్తగారి ఊరి ఆశాకు పేరు ఉంటుంది, మనిషి ఉండదు. తల్లిగారి ఊరి ఆశాకు మనిషి కనిపిస్తుంది, పేరు ఉండదు. తొలి కాన్పు, ఎక్కువ భయం, ఎక్కువ ప్రమాదం ఉండేది ఆ నెలల్లోనే.

2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ గురించి అందరికీ తెలుసు. సర్కారు దవాఖానలో కాన్పయితే 16 వస్తువుల కిట్, మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు అని అప్పుడు ప్రకటించారు. ఆ డబ్బు నాలుగు విడతలు: గర్భంతో ఉన్నప్పుడు ఒకటి, కాన్పప్పుడు ఒకటి, బిడ్డకు మూడున్నర నెలల టీకాలు అయ్యాక ఒకటి, 9 నెలల టీకా అయ్యాక చివరిది. కాన్పు తర్వాతి రెండు విడతలూ బిడ్డ సూదులతోనే ముడిపడ్డాయని గమనించండి. ఆ డబ్బు ఆలస్యమవడం గురించి ఇక్కడ చెప్పక్కర్లేదు, ప్రతి ఊళ్లో విన్నదే.

హనుమకొండ జిల్లాలో ఒక సబ్ సెంటర్‌లో బుధవారం టీకాలప్పుడు చూసింది చెప్తాను. మూడున్నర నెలల పాపను ఎత్తుకుని ఒకమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్లు కూడా ఉంటాయో లేదో. పాపను తూచారు, సూదులు వేశారు, కార్డులో రాశారు, జ్వరం వస్తే వేయమని మందు ఇచ్చారు. లేచేటప్పుడు ఆ అమ్మాయి మెల్లగా అంది, “మేడం, నిల్సుంటే కండ్లు తిరుగుతున్నయ్, కుట్టు కాడ ఇంకా సలుపుతాంది.” ఏఎన్ఎం తలెత్తి, “పెద్ద దవాఖాన్ల చూపించుకో బిడ్డా” అని చెప్పి తర్వాతి బిడ్డను పిలిచింది. బీపీ మిషన్ ఆ టేబుల్ మీదే ఉంది. ఆ ఏఎన్ఎంను తప్పు పట్టలేం, బయట వరస ఉంది, ట్యాబ్‌లో ఎంట్రీలున్నాయి, ఆ ఎంట్రీల్లో తల్లి బీపీ అడిగే చోటే లేదు.

ఆ అమ్మాయిది అరుదైన బాధ కాదు. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు, అందులోనూ ఉమ్మడి కరీంనగర్ వైపు ఇంకా ఎక్కువ. (సిజేరియన్లు తగ్గించడానికి 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది కూడా కరీంనగర్ సర్కారు ఆస్పత్రిలోనే.) సర్వేలో మన ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న మనిషికి పొట్ట కోసి కాన్పు చేసి, వారం రోజుల్లో ఇంటికి పంపి, రెండు నెలలకు పత్తి చేలోకో బీడీల చాటకో పంపుతున్నాం. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పయ్యాక పోయిందో లేదో ఆరు వారాలకు పరీక్ష చేయాలి. గుండె కండరం బలహీనపడే జబ్బు ఐదు నెలల దాకా బయటపడొచ్చు. మనసు కుంగిపోవడం ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, దాన్ని ఇంట్లో ‘బాలింత గుణం’ అని గదిలో పడుకోబెడతారు. వీటిలో ఏదీ 42వ రోజున ఆగేది కాదు.

పథకాల్లో ఎక్కడా లేదా అంటే, కాగితం మీద ఉంది. 2013 ఆహార భద్రత చట్టం కాన్పయ్యాక 6 నెలల దాకా ఉచిత భోజనం, కనీసం 6 వేల రూపాయల ప్రసూతి సాయం హక్కుగా రాసింది. భోజనం మన దగ్గర 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి పేరుతో అంగన్‌వాడీలో పెడుతున్నారు, ఇది నిజంగా పనికొచ్చిన పథకం. 2019 అక్టోబర్‌లో కేంద్రం తెచ్చిన ‘సుమన్’ కాన్పయిన 6 నెలల దాకా తల్లికి ఉచిత వైద్యం అంటుంది. మరి ఆ 6 నెలల్లో ఆమెను ఎవరు, ఏ రోజున పిలిచి చూడాలి? ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది, కానీ అది పుట్టిందే పెద్ద ఆపరేషన్ల కోసం, బీపీ చూసి మాత్ర ఇవ్వడానికి కాదు. ఇంటింటి బీపీ, షుగర్ పరీక్షలు ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు. మన తల్లులేమో ఇరవైల్లో ఉన్నారు.

అమెరికాలో పేదల ఆరోగ్య పథకం మెడికెయిడ్‌లోనూ చాలా ఏళ్లు ఇదే గొడవ. గర్భంతో వచ్చిన కవరేజి కాన్పయిన 60 రోజులకు ఆగిపోయేది. గర్భంతో ముడిపడిన మరణాల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత, ఏడాదిలోపే జరుగుతున్నాయని అక్కడి సమీక్షలు తేల్చాయి. 2022 ఏప్రిల్ నుంచి రాష్ట్రాలు కోరుకుంటే ఏడాదికి పొడిగించుకునే వీలు వచ్చింది, దాదాపు అన్ని రాష్ట్రాలూ పొడిగించుకున్నాయి. మన సమస్య కొంచెం వేరు. ఇక్కడ సర్కారు దవాఖాన తలుపు ఎవరికీ మూసెయ్యరు, కాకపోతే రమ్మని పిలిచేవాళ్లు లేరు.

నా మాట ఏమిటంటే, కొత్త పథకం, కొత్త పేరు, కొత్త కిట్ అక్కర్లేదు. మూడున్నర నెలలకు, 9 నెలలకు తల్లులు టీకాల కోసం బిడ్డను ఎత్తుకుని సబ్ సెంటర్‌కే వస్తున్నారు. ఆ రెండు రోజుల్లో ఆమె బీపీ, రక్తం శాతం, కుట్టు, నిద్ర పడుతోందా లేదా అన్నవి చూసి, కార్డులోనూ ట్యాబ్‌లోనూ రాయడం తప్పనిసరి చేయాలి. తేడా ఉంటే మంగళవారం ఆరోగ్య మహిళా క్లినిక్‌కు పంపొచ్చు, ఆ క్లినిక్‌లు 2023 మార్చి 8న మొదలైంది కరీంనగర్ నుంచే. తల్లిగారి ఊరి ఆశాకు కూడా పేరు కనిపించాలి. ఆశాలకు ఇంకో పని అంటగట్టి ఊరుకుంటే కుదరదు, 18 వేల స్థిర వేతనం కోసం వాళ్లు ఏళ్లుగా రోడ్డెక్కుతున్నారు, ముందు ఆ సంగతి తేలాలి. ఊరి సబ్ సెంటర్‌కు టీకాలకు వెళ్లే తల్లులు బిడ్డతో పాటు తమ బీపీ కూడా చూడమని అడగండి, మిషన్ అక్కడే ఉంటుంది.