"కొత్త స్ట్రెయిన్ అంట": నోరోవైరస్ గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఏ పెళ్లి భోజనం తర్వాతో, ఏ హాస్టల్లోనో పదిమందికి ఒకేసారి వాంతులు మొదలయ్యాయంటే మా ల్యాబ్‌కి శాంపిల్ కంటే ముందు వాట్సాప్ ఫార్వర్డ్ వస్తుంది, "కొత్త స్ట్రెయిన్ అంట, జాగ్రత్త" అని. స్ట్రెయిన్ అంటే ఒకే వైరస్‌లో కొంచెం మారిన రకం, ఇక్కడ ఆ వైరస్ వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్. నేను మైక్రోబయాలజిస్టుని, స్టూల్ శాంపిళ్లలో వైరస్‌లు వెతకడం నా ఉద్యోగం (ఇంట్లో భోజనాల దగ్గర ఈ టాపిక్ నిషేధం).

అపోహ: ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదు.

వస్తుంది. నోరోవైరస్ జన్యుపదార్థం దాదాపు 7,500 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, కాపీ అయ్యేటప్పుడు తప్పులు దొర్లుతాయి, వాటిని దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. ఆ తప్పులు వీపీ1 అనే పైపొర ప్రోటీన్‌లో, సరిగ్గా మన యాంటీబాడీలు పట్టుకునే చోట పడ్డాయనుకోండి, పాత యాంటీబాడీలకి పట్టు దొరకదు. జీఐఐ.4 అనే రకం ఏళ్ల తరబడి బతికింది ఇలాగే: 2002లో ఫార్మింగ్టన్ హిల్స్, 2004లో హంటర్, 2006లో డెన్ హాగ్, 2009లో న్యూ ఓర్లీన్స్, 2012లో సిడ్నీ అనే కొత్త రూపాలు, ఒకదాన్ని తోసేసి ఇంకొకటి. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది రెండో దారి. ఒకే మనిషి పేగులోకి రెండు రకాలు చేరితే, జన్యుపదార్థం మొదటి భాగం ఒకదాని నుంచి, పైపొర తయారుచేసే భాగం ఇంకోదాని నుంచి కలిసి మూడోది పుడుతుంది. 2016-17లో చైనాలో విజృంభించిన జీఐఐ.2 పీ16 అలాంటిదే. అందుకే ఇప్పుడు రెండు భాగాలకీ విడివిడిగా టైపింగ్ (ఏ రకమో తేల్చడం) చేస్తున్నారు. అసలు వైరస్ మారకపోయినా మన రక్షణ ఎక్కువ కాలం నిలవదు, 1970ల్లో అమెరికాలో వాలంటీర్లకి రెండు మూడేళ్ల తేడాతో అదే వైరస్ మళ్లీ ఇస్తే, మొదట జబ్బుపడినవాళ్లే మళ్లీ పడ్డారు.

అపోహ: ఇంట్లో అందరికీ వచ్చి ఒకరికి రాలేదంటే వాళ్ల ఇమ్యూనిటీ గట్టిది.

కావచ్చు, కాకపోవచ్చు. మనుషుల్లో ఉండే ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయనివాళ్ల పేగుల్లో చాలా రకాలకి అతుక్కునే చోటు దొరకదు. యూరప్‌లో ఐదుగురిలో ఒకరు ఇలాంటివాళ్లు. అన్ని రకాలూ వీళ్లని వదలవు.

అపోహ: కొత్త స్ట్రెయిన్ అంటే మరింత ప్రాణాంతకం.

చాలావరకు ఎక్కువ మందికి వస్తుంది, అంతే. ప్రమాదమంతా పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ ఒంట్లో నీరు తగ్గిపోవడంలోనే. ఓఆర్‌ఎస్ ఏ స్ట్రెయిన్‌కైనా ఒకటే. యాంటీబయాటిక్ దేనికీ పనిచేయదు.

అపోహ: రొయ్యల కూర వల్లే.

మన ఊళ్లో ఏం జరిగినా పాపం రొయ్యల్నే తిడతారు! బాగా ఉడికి పొగలు కక్కే కూరలో ఈ వైరస్ మిగలదు. నేనైతే పెరుగు పచ్చడిలోకి పచ్చి ఉల్లిపాయలు తరిగినది ఎవరో, ఆ మనిషికి ముందు రోజు కడుపు ఎలా ఉందో అడుగుతాను. లక్షణాలు బయటపడడానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది కాబట్టి తిన్న గంటకే వాంతి అయితే అనుమానం ఇంకోవైపు పోవాలి. తగ్గిపోయిందనుకున్నాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, మలంలో వైరస్ పోతూనే ఉంటుంది, జబ్బు చేయడానికేమో పదుల సంఖ్యలో కణాలు చాలు. వంటవాళ్లని తగ్గాక కనీసం 48 గంటలు వంటింటికి దూరం పెట్టమనేది అందుకే. కూలి పోతుందని వాళ్లు చెప్పరు, ఆ రెండు రోజుల కూలి ఇచ్చేస్తే చెప్తారు.

అపోహ: శానిటైజర్ ఉందిగా, నేలకి ఫినాయిల్ కొట్టాంగా.

ఈ వైరస్‌కి కొవ్వు పొర లేదు, ఆల్కహాల్‌కి అంతగా లొంగదు. చేతులకి సబ్బు, పారే నీళ్లు. వాంతి పడిన చోట ముందు పేపర్‌తో తుడిచి తీసేసి, తర్వాత హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం): 5 శాతం ద్రావణం ఒక కప్పుకి 49 కప్పుల నీళ్లు కలిపితే 1000 పీపీఎం (అంటే 0.1 శాతం) వస్తుంది, అంతకంటే పల్చన వద్దు.

అపోహ: పాపకి రోటా చుక్కలు వేయించాం, టెన్షన్ లేదు.

2016లో ఆ టీకా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తప్పకుండా వేయించండి. కానీ రోటా వేరే వైరస్. నోరోకి ఇంకా టీకా రాలేదు, ఇన్ని రకాలు ఇలా మారుతుంటే ఏ రకానికి తయారుచేయాలన్నదే పెద్ద చిక్కు.